సీ డ్రైవ్ పోకుండా లినక్స్‌కు చోటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విండోస్ తీసేయకుండా అదే డిస్కు మీద లినక్స్ ఎక్కించుకోవడం గురించి గోదావరి జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలివి. కాలేజీ పిల్లలవి కొన్ని, దుకాణాలవీ మిల్లు ఆఫీసులవీ కొన్ని. డేటా పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి లినక్స్ ఎక్కించేటప్పుడు పోదు. డిస్కులో ఏ ముక్క దేనికుందో చూసుకోకుండా ముందే చెయ్యి పెట్టినందువల్ల పోతుంది. అందుకే జవాబుల్లో ముందు జాగ్రత్తలకే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నానండి. ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 ఉన్నాయి. డిస్కు మొత్తం 476 జీబీ అని చూపిస్తోంది. సీ డ్రైవ్ ఒక్కటే ఉంది, అందులో సగం పైనే ఖాళీ. ల్యాబ్‌లో ఉబుంటు అనే లినక్స్ వాడుతున్నాం. ఏదీ పోకుండా రెండూ ఉంచుకోవడం ఎలాగో మొదట్నుంచీ చెప్పగలరా?
— విద్యార్థి, భీమవరం

జవాబు: 512కీ 476కీ తేడా చూసి డిస్కు తరుగు వచ్చిందని అనుకోకండి. తయారుచేసినవాళ్లు వెయ్యి లెక్కన జీబీ కడతారు, విండోస్ 1024 లెక్కన కడుతుంది.

ముందు మీ ప్రాజెక్టులు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు వేరే హార్డ్ డిస్కుకో పెన్‌డ్రైవ్‌కో కాపీ చెయ్యండి. అదే డిస్కులో ఇంకో ఫోల్డరులో దాచితే అది బ్యాకప్ కాదు.

తర్వాత సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ (డిస్కులోదంతా తాళం వేసినట్టు ఉంచే ఏర్పాటు) ఉందేమో చూడండి. ఇప్పుడొస్తున్న ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే అది దానంతటదే ఆన్ అయి ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలీదు. బయోస్‌లో (పవర్ వేయగానే విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగ్స్‌లో) ఏదైనా మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే డిస్కులోది ఎవరూ తీయలేరు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెబ్‌సైట్ ద్వారా లాగిన్ అయి, మీ డివైస్ పేరు కింద ఉన్న కీని కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, ‘డీక్రిప్షన్’ పూర్తిగా ముగిసేదాకా ఆగండి. దానికి గంట పైనే పట్టవచ్చు, ఛార్జర్ పెట్టే ఉంచండి. లినక్స్ ఎక్కించాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు, కాకపోతే అప్పుడు కొత్త కీ వస్తుంది, దాన్నీ రాసుకోవాలి. ఆన్ చేశాక, పవర్ వేయగానే వచ్చే లినక్స్ మెనూలోంచి విండోస్‌లోకి వెళ్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు కీ అడగవచ్చు. అలా జరిగితే పవర్ వేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి, విండోస్‌ను నేరుగా ఎంచుకోండి.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ముగియదు. సగం నిద్రలోకి వెళ్లి సీ డ్రైవ్‌ను తెరిచి ఉంచినట్టే వదిలేస్తుంది. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు చెడతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ లోకి వెళ్లి, పైన మార్పులకు అనుమతి ఇచ్చే లైను నొక్కాక, ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ పక్కన టిక్ తీసేసి సేవ్ చెయ్యండి.

ఇప్పుడు డిస్కు పని. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే జాబితాలో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. ఎడమవైపు 100 లేదా 260 ఎంబీ ఉన్న చిన్న ముక్క ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’, మధ్యలో సీ, కుడివైపు చివర కొన్ని వందల ఎంబీల ‘రికవరీ’ కనిపిస్తాయి. ఆ చిన్న ముక్కలు పనికిరానివని తీసేయకండి, ఈఎఫ్ఐ ముక్క పోతే సిస్టమ్ బూట్ అవదు. వాటి జోలికి వెళ్లకండి. సీ మీద రైట్ క్లిక్ చేసి ‘ష్రింక్ వాల్యూమ్’ అనండి. ఎంత తగ్గించాలో ఎంబీలలో అడుగుతుంది. 60 జీబీకి 61440, 100 జీబీకి 102400 అని కొట్టాలి. 100 జీబీ కావాలని ‘100’ అని కొడితే మిగిలేది 100 ఎంబీ.

ఎంత ఇవ్వాలంటే, ఉబుంటు 24.04కు కనీసం 25 జీబీ చాలంటారు గానీ, అంతే ఇస్తే ఏడాది తిరక్కుండానే ఇరుకైపోతుంది. కోడింగ్ మాత్రమే అయితే 60, ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్ లాంటివి వాడతారనుకుంటే 100 ఇవ్వండి. మీకున్న ఖాళీలో 100 తేలిగ్గా వస్తుంది. విండోస్ పెద్ద అప్‌డేట్లకు చోటు కావాలి కాబట్టి సీలో ఐదో వంతైనా ఖాళీగా మిగలనివ్వండి.

తగ్గించాక నల్లగీతతో ‘అన్‌అలొకేటెడ్’ అని ఒక ముక్క వస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ అని నొక్కి కొత్త డ్రైవ్ తయారుచేశారంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌కు అది ఖాళీ చోటుగా కనబడదు. అక్కడ ఇంకే మార్గమూ తోచక ‘ఎరేజ్ డిస్క్’ నొక్కి మొత్తం పోగొట్టుకుంటారు.

ఉబుంటు ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దాదాపు 6 జీబీ. 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో రాయండి. పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్ఐ. పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యడానికి పవర్ వేయగానే డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ నొక్కాలి. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కానీ బయోస్‌లో దాన్ని ముందు ఆన్ చెయ్యాలి. ఇవేవీ కుదరకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ప్రోగ్రాంలనే నడవనిచ్చే బయోస్ సెట్టింగ్) ఆపనక్కర్లేదు, ఉబుంటు దానితోనే బూట్ అవుతుంది.

వెంటనే ఇన్‌స్టాల్ చెయ్యకుండా ‘ట్రై’ అన్నదాంట్లోకి వెళ్లి వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్ పనిచేస్తున్నాయో చూడండి. అన్నీ బాగుంటే ఇన్‌స్టాలర్ తెరవండి. ‘ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ విండోస్’ కనబడితే అదీ సరే. కానీ చోటు మీరే చేసి ఉంచారు కాబట్టి మాన్యువల్ పద్ధతే మేలని మా అభిప్రాయం, ఎక్కడికి పోతుందో కళ్లారా చూస్తారు. లోపలి ఎస్‌ఎస్‌డీ పేరు ఎన్‌వీఎంఈతో మొదలవుతుంది, పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీఏ అని ఉంటుంది. పేరు కన్నా సైజు చూసి పోల్చుకోవడం క్షేమం. ‘ఫ్రీ స్పేస్ 100 జీబీ’ మీద నొక్కి, ప్లస్ గుర్తుతో లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పార్టిషన్ తయారుచేసి, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క స్లాష్ పెట్టండి. స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటుకు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు స్వాప్ ఫైల్ తనే చేసుకుంటుంది. ఈఎఫ్ఐ పార్టిషన్ ఇప్పటికే ఉంది, రెండు సిస్టమ్‌లూ దాన్నే వాడుకుంటాయి. దాని ఎదురుగా ‘ఫార్మాట్’ టిక్ పడలేదని చూసుకోండి. పడితే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి. చివరి తెరలో ఏయే పార్టిషన్లు మారబోతున్నాయో జాబితా వస్తుంది. అందులో ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ పార్టిషన్ల పద్ధతి) అనే మాట ఎక్కడైనా కనిపిస్తే వెనక్కి వెళ్లండి.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమనవచ్చు. అలా అడిగితే రీస్టార్ట్ అయ్యాక నీలం తెరలో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెరను దాటేస్తే ఎన్‌విడియా డ్రైవర్ లోడ్ అవదు.

ప్రశ్న: సీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉంది. ష్రింక్ అంటే 9 జీబీకి మించి ఇవ్వనంటోంది. డిస్కు పాడైందా అండి?
— పాలకొల్లు

జవాబు: డిస్కుకేమీ కాలేదు. విండోస్ తను నడుస్తూనే సీని చివర్నుంచి కుదిస్తుంది. మధ్యలో కదపలేని ఫైలు ఒక్కటి అడ్డొచ్చినా అక్కడితో ఆగిపోతుంది. వెనక ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. అలా అడ్డొచ్చేవి సాధారణంగా మూడు. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ పాయింట్లు.

అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. హైబర్నేషన్ ఫైలు పోతుంది, దాంతోపాటే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. తర్వాత సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ‘సిస్టమ్ ప్రొటెక్షన్’ ట్యాబ్‌లో సీకి ప్రొటెక్షన్ ఆపి, పాత రిస్టోర్ పాయింట్లు డిలీట్ చెయ్యండి. ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, వర్చువల్ మెమరీ దగ్గర ‘నో పేజింగ్ ఫైల్’ పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. పాత తిరిగే హార్డ్ డిస్కు అయితే డీఫ్రాగ్ కూడా చెయ్యండి. ఎస్‌ఎస్‌డీకి ఆ పని అనవసరం. ఇప్పుడు మళ్లీ ష్రింక్ అడగండి, చాలా సిస్టమ్‌లలో అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. పని అయ్యాక పేజ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్ తిరిగి ఆన్ చెయ్యడం మరిచిపోకండి. పేజ్ ఫైలు లేకుండా 8 జీబీ ర్యామ్‌తో నడిపితే ప్రోగ్రాంలు మధ్యలో మూసుకుపోతాయి.

అప్పటికీ కదలకపోతే ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచి, ‘అప్లికేషన్’ లాగ్‌లో 259 నంబరు ఈవెంట్ వెతకండి. ఏ ఫైలు దగ్గర ఆగిందో అందులో పేరుతో సహా ఉంటుంది. యాంటీవైరస్‌దో, సెర్చ్ ఇండెక్స్‌దో అయితే ఆ ప్రోగ్రాంను కాసేపు ఆపి చూడవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత ఫైలు ‘ఎంఎఫ్‌టీ’ అని ఉంటే విండోస్ దాన్ని దాటించలేదు. అప్పుడు లినక్స్ పెన్‌డ్రైవ్‌లోని జీపార్టెడ్ అనే పార్టిషన్ ప్రోగ్రాంతో కుదించాలి. దానికి ముందు విండోస్‌లో సీకి చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు చూసే పరీక్ష) చేసి, పూర్తిగా షట్‌డౌన్ చెయ్యండి. జీపార్టెడ్ పని అయ్యాక విండోస్ మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు తనే చెక్‌డిస్క్ మొదలుపెడుతుంది. దాన్ని మధ్యలో ఆపకండి.

ప్రశ్న: మాకు గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ఈ పని సగంలో ఉండగా కరెంటు పోతే ఏమవుతుంది? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, డెస్క్‌టాప్‌కు వేరే యూపీఎస్ లేదు.
— ముమ్మిడివరం

జవాబు: అన్ని దశల్లోనూ ప్రమాదం ఒకేలా ఉండదు.

ఉబుంటు ఫైళ్లు కాపీ అవుతుండగా కరెంటు పోతే పెద్ద నష్టం లేదు. లినక్స్ పార్టిషన్ సగంలో ఆగుతుంది, విండోస్ తన చోట క్షేమంగా ఉంటుంది. మళ్లీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అదే పార్టిషన్‌ను ఫార్మాట్ చేసి మొదలుపెట్టండి. చివర్లో బూట్‌లోడర్ (పవర్ వేయగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) రాసే నిమిషంలో పోతే మాత్రం విండోస్ కూడా బూట్ అవకపోవచ్చు. అప్పుడూ డేటా ఎక్కడికీ పోదు, ఇన్‌స్టాలేషన్ మళ్లీ పూర్తి చేస్తే బాగవుతుంది.

విండోస్‌లో ష్రింక్ చేసేటప్పుడు ఫైళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతాయి. ఎస్‌ఎస్‌డీ మీద కొద్ది నిమిషాలే, నిండా ఫైళ్లున్న హార్డ్ డిస్కు మీద చాలాసేపు పట్టవచ్చు. ఆ సమయంలో కరెంటు ఉండి తీరాలి.

అన్నిటికన్నా ప్రమాదమైనది జీపార్టెడ్‌లో పార్టిషన్ మొదలును జరపడం, అంటే మొత్తం ముక్కను ఎడమకో కుడికో కదపడం. అందులోని ప్రతి బైటునూ కొత్త చోటికి రాయాలి. 300 జీబీ పార్టిషన్ పాత హార్డ్ డిస్కు మీద గంటల తరబడి నడుస్తుంది. మధ్యలో ఆగితే సగం పాత చోట, సగం కొత్త చోట ఉండిపోతుంది. దాన్ని తిరిగి అతికించడం దాదాపు అయ్యే పని కాదు. పావుగంట నిలిపే చిన్న యూపీఎస్ కూడా దీనికి చాలదు. ఈ పనిని మొత్తానికే మానుకోమని మా సలహా. విండోస్ నుంచి కుడివైపు చివర కుదించుకుంటే దేన్నీ జరపనక్కర్లేదు.

మీ ఇన్వర్టర్ వెనకవైపు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన క్షణంలో ఫ్యాన్లకూ లైట్లకూ తేడా తెలీదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టి, ఏ ఫైలూ తెరిచి లేనప్పుడు మెయిన్ ఒకసారి ఆపి చూడండి. సిస్టమ్ ఆగకుండా ఉంటేనే డిస్కు పని మొదలుపెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో హెచ్చరిక ఉంటే ఆ పని వాయిదా వేయండి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు బ్యాటరీ నింపుకుని, ఛార్జర్ కూడా పెట్టి ఉంచితే చాలు.

ప్రశ్న: మాది రైస్ మిల్లు ఆఫీసండి. పాత డెస్క్‌టాప్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10. లెక్కలన్నీ ట్యాలీలో డీ డ్రైవ్‌లో ఉన్నాయి. డీ నుంచి 80 జీబీ తగ్గించి కొత్త పార్టిషన్ చెయ్యబోతే, డిస్కు ‘డైనమిక్’గా మారుతుంది, ఎస్ అనమంటారా నో అనమంటారా అని అడుగుతోంది. నొక్కమంటారా?
— మండపేట

జవాబు: నొక్కకండి. నో అనండి.

మీ డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే ఉండగలవు. మీ స్క్రీన్‌లో సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ, రికవరీ కలిపి నాలుగూ నిండిపోయి ఉండాలి. ఐదోది అడిగేసరికి విండోస్ డిస్కునే డైనమిక్‌గా మారుస్తానంటుంది. మారిస్తే లినక్స్ ఇన్‌స్టాలర్ ఆ డిస్కును సరిగా పోల్చుకోలేదు. వెనక్కి బేసిక్‌గా మార్చాలంటే విండోస్ పార్టిషన్లన్నీ తీసేయమంటుంది.

ఈ డిస్కు మీదే చెయ్యాలంటే, డీలోని డేటా మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ చేసి, ట్యాలీ బ్యాకప్ అక్కడి నుంచి తెరుచుకుంటోందో లేదో చూసి, అప్పుడు డీని డిలీట్ చెయ్యాలి. మూడే మిగిలాయి కాబట్టి ఈసారి చేసే నాలుగోదాన్ని విండోస్ ‘ఎక్స్‌టెండెడ్’గా చేసి, లోపల ‘లాజికల్ డ్రైవ్’ పెడుతుంది. డీకి కావలసినంతే ఇచ్చి, మిగిలింది లేత ఆకుపచ్చ ‘ఫ్రీ స్పేస్’గా వదిలేయండి. లినక్స్ లాజికల్ పార్టిషన్‌లో హాయిగా నడుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేముందు విండోస్‌లో ‘ఎంఎస్ఇన్ఫో32’ తెరిచి ‘బయోస్ మోడ్’ ఎదురుగా లెగసీ (పాత బూట్ పద్ధతి) ఉందో యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) ఉందో చూడండి. ఎంబీఆర్ డిస్కు నుంచి విండోస్ బూట్ అవుతోందంటే అక్కడ లెగసీ అనే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ను కూడా లెగసీలోనే బూట్ చెయ్యాలి. ఒకటి లెగసీ, ఇంకోటి యూఈఎఫ్ఐ అయితే ఒకే మెనూలోంచి రెండూ రావు.

ఇదంతా చెప్పినా, లెక్కలున్న మిల్లు కంప్యూటర్‌కు మేం సూచించేది వేరే దారి. 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, దానికి సాటా కేబుల్ కొనండి. డెస్క్‌టాప్ బోర్డు మీద మామూలుగా ఖాళీ సాటా పోర్టు ఉంటుంది. పవర్ ఆపి, పాత హార్డ్ డిస్కు కేబుల్ తీసి పక్కన పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ ఎక్కించి, తర్వాత పాత కేబుల్ మళ్లీ తగిలించండి. బూట్ మెనూలో ఏ డిస్కు కావాలంటే అది ఎంచుకోవచ్చు. ట్యాలీ డేటా ఉన్న డిస్కును ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి పొరపాటుకు తావే లేదు. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అందుకని బ్రౌజింగ్, మెయిల్ లినక్స్‌లో చేసుకుంటూ, విండోస్‌ను ట్యాలీకే ఉంచడం మంచిది. ర్యామ్ 4 జీబీ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి.

ప్రశ్న: డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. సీ 100 జీబీ నిండిపోయింది. డీ నుంచి 80 జీబీ తీసి 30 సీకి, 50 లినక్స్‌కు ఇద్దామనుకుంటే, సీ మీద ‘ఎక్స్‌టెండ్’ బూడిదరంగులోనే ఉంది, నొక్కనివ్వడం లేదు.
— అమలాపురం

జవాబు: డీని కుదిస్తే ఖాళీ వచ్చేది డీకి కుడిచివర. సీకీ ఆ ఖాళీకీ మధ్య డీ మొత్తం అడ్డుంది. గట్టు తీసి చేను కలుపుకోవాలంటే పక్క చేనే అయి ఉండాలి కదా, విండోస్ ఎక్స్‌టెండ్ కూడా అంతే. సీకి ఆనుకుని కుడివైపున్న చోటునే కలుపుతుంది.

ఆ 80 మొత్తం లినక్స్‌కే ఇచ్చేయండి, దానికి ఎక్కడ చోటిచ్చినా ఒకటే. సీని ఖాళీ చెయ్యడానికి డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ‘లొకేషన్’ ట్యాబ్ ద్వారా డీకి మార్చండి. పేజ్‌మేకర్ పని ఫైళ్లూ అక్కడే పెట్టండి. ఫోల్డరుకు బదులు పొరపాటున డ్రైవ్ పేరునే లొకేషన్‌గా ఇవ్వకండి, తర్వాత విడదీయడం చాలా తలనొప్పి.

పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్‌వే, ఆ పని అక్కడే సాగించండి. యూనికోడ్ తెలుగు టైపింగ్‌కు మాత్రం లినక్స్ బాగుంటుంది. ‘ఐబస్-ఎం17ఎన్’ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన లేఅవుట్లు వస్తాయి.

ప్రశ్న: ఇన్‌స్టాలర్‌లో పెన్‌డ్రైవ్ తప్ప ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ కనబడడం లేదు. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అని ఏదో రాసి వస్తోంది.
— తణుకు

జవాబు: బయోస్‌లో స్టోరేజ్ ‘రైడ్’ లేదా ‘ఆర్‌ఎస్‌టీ’ మోడ్‌లో ఉంది. ఇంటెల్ 11వ తరం నుంచి వస్తున్న ల్యాప్‌టాప్‌లలో దీన్నే ‘వీఎండీ’ అంటున్నారు. దాన్ని ‘ఏహెచ్‌సీఐ’గా మారిస్తే డిస్కు కనబడుతుంది. కానీ నేరుగా మార్చేస్తే విండోస్ ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలం తెరతో ఆగిపోతుంది. అలా ఆగినవాళ్లు కంగారుపడి ఫార్మాట్ చెయ్యకండి, సెట్టింగ్ పాతదానికి మారిస్తే మళ్లీ వస్తుంది.

సరైన వరస ఇది. రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. విండోస్‌లో ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ తెరిచి బూట్ ట్యాబ్‌లో ‘సేఫ్ బూట్, మినిమల్’ టిక్ పెట్టి రీస్టార్ట్ నొక్కి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టండి, లేదా వీఎండీ డిసేబుల్ చెయ్యండి. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుని కొత్త డ్రైవర్ అందుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచెయ్యకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ ముందే గుర్తుచేసుకోండి. కొన్ని ఏసర్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ లైను దాచి ఉంటుంది, బయోస్ ‘మెయిన్’ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది.

ప్రశ్న: లినక్స్ వేశాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంటోంది.
— రాజోలు

జవాబు: లినక్స్ బోర్డు మీది గడియారంలో గ్రీనిచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మనకూ గ్రీనిచ్‌కూ తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. లినక్స్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, విండోస్‌లో ఒకసారి టైమ్ సింక్ చెయ్యండి. ఆ గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ మార్చడానికి డబ్బు పెట్టకండి.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ అయ్యాక మెనూ రాకుండా నేరుగా విండోసే వస్తోంది. మా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో అయితే ‘ఎస్‌బీఏటీ’ ఫెయిల్ అని చూపించి ఆగిపోయింది. లినక్స్ పోయినట్టేనా?
— కాకినాడ

జవాబు: రెండింటిలోనూ పోలేదు. మీది బూట్ వరస మారడం మాత్రమే. బయోస్‌లో బూట్ ఆర్డర్ తెరిచి ‘ఉబుంటు’ను ‘విండోస్ బూట్ మేనేజర్’ కన్నా పైకి తెండి.

మీ ఫ్రెండ్‌ది వేరే సంగతి. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత లినక్స్ బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్ జాబితాలో నిషేధించింది. డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ) ఉన్న సిస్టమ్‌లు కూడా దాని బారిన పడ్డాయి. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లన్నీ వేసి, మళ్లీ ఆన్ చెయ్యాలి. ఎన్‌క్రిప్షన్ ఉంటే ఈ మార్పుకు విండోస్ రికవరీ కీ అడుగుతుంది. పాత పెన్‌డ్రైవ్‌తోనూ అదే లోపం వస్తే కొత్త ఐఎస్ఓ దించుకోండి.

ప్రశ్న: లినక్స్ తీసేసి ఆ చోటు సీకి కలుపుకోవాలి. డిలీట్ చేసేస్తే సరిపోతుందా?
— రామచంద్రపురం

జవాబు: ముందు బూట్ సంగతి చూడాలి, డిలీట్ తర్వాత. వరస తప్పితే పవర్ వేయగానే నల్ల తెర మీద ‘గ్రబ్’ (లినక్స్ బూట్ మెనూ ప్రోగ్రాం పేరు) అని ఆగిపోతుంది.

యూఈఎఫ్ఐ సిస్టమ్ అయితే బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటికి తెచ్చి, లినక్స్ మెనూ లేకుండా విండోస్ వస్తోందని చూసుకోండి. పాత లెగసీ సిస్టమ్‌లో అయితే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసుకుని, దానితో బూట్ చేసి, రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘బూట్‌రెక్ /ఫిక్స్ఎంబీఆర్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ఇప్పటికే డిలీట్ చేసి ఇరుక్కున్నవాళ్లకూ మందు ఇదే.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్‌ను సైజుతో పోల్చుకుని డిలీట్ చెయ్యండి. దానికి డ్రైవ్ అక్షరం, ఫైల్ సిస్టమ్ పేరు ఉండవు. రికవరీ, ఈఎఫ్ఐ ముక్కలకూ డ్రైవ్ అక్షరం ఉండదు, కానీ వాటి పేరు పక్కనే రాసి ఉంటుంది. ఈఎఫ్ఐ ముక్కలో మిగిలిపోయిన ‘ఉబుంటు’ ఫోల్డరు కొద్ది ఎంబీలే, వదిలేసినా నష్టం లేదు. ఖాళీ సీని ఆనుకునే ఉంటే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ నొక్కండి. మధ్యలో రికవరీ ఉంటే దాన్ని తీసి కలుపుకోకండి, ఆ ఖాళీని వేరే డ్రైవ్‌గా చేసుకుని డేటాకు వాడుకోండి.